నాచు బొగ్గు: ప్రిస్టేన్, ఫైటేన్ లెక్కతో పాత సరస్సు గుట్టు తేలుతుందా?

రాతిపలక:
స్కాట్లాండ్‌లో బాత్‌గేట్ దగ్గర టోర్బేన్ హిల్ బొగ్గు చెట్ల నుంచి వచ్చింది కాదు. బొట్రియోకాకస్ అనే నూనె నాచు పేరుకుని అయింది. ఇది అసలు బొగ్గేనా అని 1853లో ఎడిన్‌బరోలో కోర్టుకెక్కారు కూడా, జ్యూరీ బొగ్గే అంది. నా వాదన ఏంటంటే, ఇలాంటి బొగ్గులో ప్రిస్టేన్, ఫైటేన్ నిష్పత్తి చూసి సరస్సు అడుగున ఆక్సిజన్ ఉందో లేదో చెప్పేయొచ్చు. రెండూ రాయిలో మిగిలిపోయే హైడ్రోకార్బన్లు, పత్రహరితం తోక ముక్కలే. ఆక్సిజన్ తగిలితే ప్రిస్టేన్, లేకపోతే ఫైటేన్. 1978 నుంచి వాడుతున్న లెక్క, ఇందులో గొడవేముంది?

కెమిస్ట్రీ మాస్టారు:
గొడవంతా అక్కడేనండీ. ప్రిస్టేన్ విటమిన్ ఈ నుంచి కూడా వస్తుంది. ఫైటేన్ ఆర్కియా సూక్ష్మజీవుల పొరల్లోని కొవ్వు నుంచీ వస్తుంది. పైగా బొగ్గు లోపల వేడెక్కేకొద్దీ నిష్పత్తి మారిపోతుంది. ఈ అభ్యంతరాలు 1987లోనే అచ్చయ్యాయి. ప్రిస్టేన్‌ని ఫైటేన్‌తో భాగిస్తే వచ్చే అంకె 3 దాటితే ఒడ్డు మీది మొక్కల సరుకు ఎక్కువని, 0.8 కంటే తక్కువైతే ఉప్పు నీళ్లని అనుమానించండి. నడిమి అంకెలతో సరస్సుకి జాతకం చెప్పకండి.

గోదారి గట్టు:
మరి బొట్రియోకాకేన్ కోసం, అంటే ఆ నాచు నూనె నుంచి రాయిలో మిగిలే హైడ్రోకార్బన్ కోసం వెతికితే సరిపోదా? దొరికితే మంచినీళ్ల సరస్సు, దొరక్కపోతే ఆ నాచు లేనట్టు. టెన్షన్ ఉండదు.

పలచని ముక్క:
రెండూ తప్పే బాబూ. బొగ్గుని పలచగా అరగదీసి అతినీల కాంతిలో పెడితే పసుప్పచ్చగా మెరిసే గుండ్రటి గుత్తులు కనిపిస్తాయి, అదే నాచు. అలాంటి ముక్కల్లో చాలావాటిలో బొట్రియోకాకేన్ జాడే ఉండదు. కారణం, బొట్రియోకాకస్‌లో ‘బి’ రకం మాత్రమే దాని మూలపదార్థాన్ని తయారుచేస్తుంది. ‘ఎ’ రకం 23 నుంచి 33 కార్బన్లుండే తిన్నని గొలుసులు చేస్తుంది. అవి రాయిలో మామూలు ఆల్కేన్లు (సాదా హైడ్రోకార్బన్ గొలుసులు) అయిపోతాయి, ఎవరివో పట్టుకోవడం కష్టం. సుమత్రా ముడిచమురులో బొట్రియోకాకేన్ దొరికింది కాబట్టి అక్కడ ‘బి’ రకం ఉందనొచ్చు. లేకపోవడం మీద మాత్రం కేసు నిలబడదు. ఇక మంచినీళ్ల సంగతంటారా, ఈ నాచు కాస్త ఉప్పు తగిలిన నీళ్లలోనూ బతుకుతుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో కూరాంగ్ ఉప్పు కయ్య దగ్గర 1852లో దొరికిన రబ్బరులాంటి పదార్థం ఈ నాచుదే. అది చమురు ఊటేమోనని జనం బావులు కూడా తవ్వారు!

రాతిపలక:
సరే, ఒకే పొరలో పైనుంచి కిందికి నమూనాలు తీసి పోలిస్తే? అన్నీ ఒకే వేడి చూసినవే కదా, మాస్టారూ.

కెమిస్ట్రీ మాస్టారు:
అలాగైతే ఒప్పుకుంటా, ఒక షరతు మీద. మధ్యలో నాచు తగ్గి చెట్ల సరుకు పెరిగితే నిష్పత్తి దానివల్లా మారుతుంది. అందుకే ప్రతి నమూనా పక్కనా సూక్ష్మదర్శిని కింద నాచు ఎంత, చెట్ల ముక్కలెంత అన్నది రాయాలి. గామాసెరేన్ (సూక్ష్మజీవుల కొవ్వు నుంచి రాయిలో మిగిలే పదార్థం) కూడా చూడండి, అది పెరిగితే సరస్సు నీళ్లు పైపొర, కిందిపొరగా విడిపోయాయని చెప్పొచ్చు. మీ దగ్గరున్న అంకెలన్నీ పెట్టండి, వరసగా చూద్దాం.