అమ్మకి జబ్బు లేదు, కానీ పేగుల్లో మొండి బ్యాక్టీరియా ఉందన్నారు. మనవడిని ఎత్తుకోవచ్చా?

ప్రశ్న (ఐండ్‌హోవెన్ నుంచి):

నమస్తే అండి. మేం నెదర్లాండ్స్‌లో ఉంటాం. అమ్మకి 63 ఏళ్ళు. గుంటూరులో గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయి అయిదు రోజులు ఆస్పత్రిలో ఉంది. నెల తిరగ్గానే మా దగ్గరికి వచ్చింది. ఇక్కడ మెట్ల మీద జారి మణికట్టు విరిగితే ఆస్పత్రిలో చేర్చాం. ఇండియాలో ఆపరేషన్ అయిందని చెప్పగానే విడిగా ఒక గదిలో పెట్టి స్వాబ్‌లు తీశారు. రిపోర్టు వచ్చేదాకా నర్సులు గౌను, గ్లవ్స్ లేకుండా లోపలికి రాలేదు. ఎంఆర్‌ఎస్‌ఏ అనే మొండి బ్యాక్టీరియా లేదట. పేగుల్లో మాత్రం ‘ఈఎస్‌బీఎల్ ఈ-కోలి’ ఉందట. దానికి మందేమీ ఇవ్వలేదు.

అమ్మకి జ్వరం లేదు, విరేచనాలూ లేవు. కానీ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి కంచం, గ్లాసు వేరు పెట్టుకుంది. ఏడు నెలల మా బాబు చేతులు చాపితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కగదిలోకి వెళ్ళిపోతోంది. చూడలేకపోతున్నాను. ఊళ్ళో తెలిసినాయన ఒక కోర్సు యాంటీబయాటిక్ వేస్తే పోతుందంటున్నారు. వేయమంటారా?

జవాబు 1 (విశాఖ, మైక్రోబయాలజీ ల్యాబ్‌లో 26 ఏళ్ళు చేశాను):

వేయకండమ్మా. ముందు ఆ మాట ఆపించండి.

ఈ-కోలి మనందరి పేగుల్లో ఉండేదే. అమ్మగారి దగ్గరున్న రకం ఒక ఎంజైమ్ తయారుచేస్తుంది (ఈఎస్‌బీఎల్ అంటే అదే), అది పెన్సిలిన్లనూ సెఫలోస్పోరిన్లనూ విరగ్గొడుతుంది. అందుకే ఆ మందులు పనిచేయవు. అంతమాత్రాన అది జబ్బు కాదు. యాంటీబయాటిక్ వేస్తే మంచి బ్యాక్టీరియా చచ్చి, ఇదే మిగిలి ఇంకా పెరుగుతుంది. కలుపుని వదిలేసి పైరుకి మందు కొట్టినట్టు.

మీరుండే దేశంలోనే 2,001 మంది ప్రయాణికుల మీద చేసిన అధ్యయనం 2017లో అచ్చయింది. వెళ్ళేముందు ఇది లేని వాళ్ళలో, దక్షిణాసియాకి వెళ్ళొచ్చిన నూటికి 75 మంది దీన్ని వెంట తెచ్చుకున్నారు. వాళ్ళు ఆస్పత్రిలో పడుకున్నవాళ్ళు కారు, తిరగడానికి వెళ్ళినవాళ్ళు. ఇది సోకిన ప్రయాణికుల్లో సగంమందికి నెలరోజుల్లో దానంతటదే పోయింది. నూటికి 11 మందిలో మాత్రం ఏడాదికీ ఉంది. కాబట్టి ఇది అమ్మగారి తప్పూ కాదు, శుభ్రత లేకపోవడమూ కాదు. ఈ మాట ఆవిడకి తెలుగులో, నెమ్మదిగా, కూర్చోబెట్టి చెప్పండి.

ఇది మలం అంటిన చేతుల ద్వారా నోట్లోకి వెళ్తుంది. కలిసి కూర్చుంటే, ముద్దు పెట్టుకుంటే వచ్చేది కాదు. టాయిలెట్‌కి వెళ్ళొచ్చాక, వంటకి ముందు, బాబుకి తినిపించేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. డైపర్ మార్చాక మీరు కూడా. కంచం వేరు అక్కర్లేదు. బాబుని హాయిగా ఎత్తుకోమనండి.

జవాబు 2 (కరీంనగర్):

పై సార్ చెప్పింది నిజం. ఒక్కటి కలుపుతాను. మా నాన్నకి కూడా ఇదే ఉంది, రిపోర్టు బీరువాలో పెట్టి మర్చిపోయాం. ఏడాదికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి చలిజ్వరం. మామూలుగా ఇచ్చే సెఫిగ్జిమ్ మాత్రలు (సార్ చెప్పిన సెఫలోస్పోరిన్ రకమే) మూడు రోజులు వేసినా జ్వరం దిగలేదు. మూత్రం కల్చర్ రిపోర్టు వచ్చాకే, దీని మీద పనిచేసే మెరోపెనెమ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆ మూడు రోజులూ మాకు కాళ్ళూచేతులూ ఆడలేదు. ఆ కాగితం ఫొటో మీ ఫోన్‌లోనూ, అమ్మ ఫోన్‌లోనూ ఉంచండి. ఎప్పుడు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ముందు అదే చూపించండి.

ఐండ్‌హోవెన్ నుంచి మళ్ళీ:

అందరికీ చాలా థాంక్స్ అండి. రిపోర్టు ఫొటో తీసి పెట్టాను, మాత్రలు వద్దని ఊరికి ఫోన్ చేసి చెప్పేశాను. సార్ జవాబు అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. “వెళ్ళొచ్చిన తెల్లవాళ్ళకి కూడానా?” అని అడిగింది. సాయంత్రం కట్టు లేని చెయ్యి మోచేతి దాకా సబ్బుతో రుద్ది కడుక్కుంది. బాబుని తన ఒళ్ళో కూర్చోబెట్టమంది.