లాక్ పడ్డ ఫోన్ పోలీసోళ్లకి తెరుచుకోవాలా వద్దా?

ఉప్పల్ శీను:
ఆన్‌లైన్ ట్రేడింగ్ పేరు చెప్పి మా చెల్లె దగ్గర నాలుగు లక్షలు గుంజిండ్రు. ఒకడు దొరికిండు, వాని ఫోన్ గూడ దొరికింది, కానీ లాక్ తీస్తలేడంట. ఆర్నెల్లసంది స్టేషన్ చుట్టూ తిరుగుతున్నం. కంపెనీలు సర్కారుకి ఒక మాస్టర్ కీ ఇస్తే ఏం పోతది, కోర్టు ఆర్డర్ ఉంటేనే వాడమనుండ్రి. దొంగోని ప్రైవసీ ముఖ్యమా, మా చెల్లె పైసలు ముఖ్యమా?

జగదీష్ మార్కెట్ రిపేరీ:
అన్నా, మీ బాధ నిజం. కానీ పన్నెండేండ్ల నుంచి ఫోన్లు విప్పుతున్న కాబట్టి చెప్తున్న, కంపెనీ దగ్గర ఆ తాళమే ఉండదు. మనం కొట్టే పిన్‌, చిప్‌లో ఫ్యాక్టరీలనే పడ్డ నంబర్ రెండూ కలిస్తేనే తాళం తయారైతది, అందుకే మెమరీ పీకి వేరే బోర్డుకి వేసినా ఏం చదవరాదు. నాలుగంకెల పిన్‌కి పదివేల కాంబినేషన్లే, మెషిన్‌కి ఎంతసేపు? కానీ తప్పు కొట్టినకొద్దీ ఫోన్ ఆగమంటది, ఐఫోన్‌లో సెట్టింగ్ పెట్టుకుంటే 10 తప్పులకి మొత్తం చెరిపేస్తది. 2016లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఆపిల్‌ని అడిగింది ఈ అడ్డంకులు తీసేసే సాఫ్ట్‌వేర్ రాసియ్యమనే, అక్కడి శాన్ బెర్నార్డినో ఊర్లో 14 మందిని చంపినోళ్లలో ఒకడి ఐఫోన్ 5సి కోసం. ఆపిల్ ఒప్పుకోలే. ఆఖరికి ఎఫ్‌బీఐ బయటోళ్లతో తెరిపించుకుని పిటిషన్ వాపస్ తీసుకుంది.

మెహదీపట్నం లక్ష్మి:
చూశారా, దారి ఉంది, కాకపోతే అది డబ్బున్న ఏజెన్సీకే. శీను గారి చెల్లెలి కేసుకి ఎవరు అంత ఖర్చు పెడతారండీ? ఆ లెక్కన అందరికీ ఒకే తాళం ఉండటమే న్యాయం కదా.

జగదీష్ మార్కెట్ రిపేరీ:
న్యాయంగనే కనిపిస్తది అక్కా. కానీ అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ విండోస్‌లో ఒక లోపం కనిపెట్టి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది, ఆ లోపంల నుంచి చొరబడే టూల్ లీకై 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ వచ్చింది, కంప్యూటర్లకి తాళమేసి పైసలడిగేది, బ్రిటన్ ఆస్పత్రులు ఆగిపోయినయ్. గంత పెద్ద సంస్థ దాచలేనిది ఇక్కడ ప్రతి స్టేషన్ దాస్తదా? 2021లో మన హైదరాబాద్‌లనే పోలీసోళ్లు రోడ్డు మీద కుర్రోళ్లని ఆపి వాట్సాప్‌లో గంజాయి అని వెతికి చూసిండ్రు, కోర్టు ఆర్డర్ ఏది అప్పుడు? మాస్టర్ కీ ఉంటే అడగనవసరం గూడ లేదు.

శీనన్నా, పైసలు ఫోన్‌లో లేవు, ఖాతాల్లో ఉన్నయ్. ఏ ఖాతాకి పోయినయ్, అక్కడి నుంచి ఎక్కడికి పోయినయ్ అన్నది బ్యాంకోళ్లే ఇస్తరు, లాక్ తీసే పనే లేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కంప్లైంట్ ఇచ్చిండ్రా? ఆ ఖాతాలు ఫ్రీజ్ చేయించమని కేసు చూస్తున్న ఐఓ (దర్యాప్తు అధికారి) సార్‌కి రాసిచ్చి రసీదు తీసుకోండి.

ఉప్పల్ శీను:
1930కి చేసినం, కానీ పదిరోజులు లేటుగా. రాసిచ్చుడు మాత్రం చెయ్యలే, రేపు పొద్దున్నే పోతా. మాస్టర్ కీ సంగతి మాత్రం నేనింకా ఒప్పుకోలే.