చర్చ: సోలార్ ప్యానెల్‌ను ఇంట్లోనే తయారు చేసుకోవచ్చా?

మెట్ట రైతు:
మా పొలం దగ్గర మోటారు షెడ్డులో రెండు దీపాలకూ ఒక చిన్న ఫ్యానుకూ సరిపడే ప్యానెల్ కావాలి. విడి సెల్స్ (ఎండను కరెంటుగా మార్చే పలుచని సిలికాన్ రేకులు) తెప్పించుకుని, 36 సెల్స్‌ను టంకంతో వరుసగా కలిపి, గాజు కింద అతికిస్తే కొన్నదానికంటే తక్కువలో అయిపోతుందని వీడియోల్లో చూపిస్తున్నారు. డిప్లొమా చదువుతున్న మా అబ్బాయి తానే చేస్తానంటున్నాడు. చేయించమంటారా, వద్దంటారా? కారణాలతో చెప్పగలరు.

వైరింగ్ పనివాడు:
నేర్చుకోవడానికైతే తప్పకుండా చేయించండి, ఏళ్ల తరబడి షెడ్డు మీద ఉంచడానికైతే వద్దండీ. ఒక ప్యానెల్ నా చేతులతో చేసి, రెండు వానాకాలాలు చూశాక చెబుతున్న మాట ఇది.

టంకం పని కష్టమే గానీ సాధ్యమే. పని చేస్తున్న సిలికాన్ సెల్ ఎండలో సుమారు అర వోల్టు ఇస్తుంది కాబట్టి, 36 సెల్స్‌ను శ్రేణిలో కలిపితే 18 వోల్టుల దగ్గరికి వస్తుంది, 12 వోల్టుల బ్యాటరీ నింపడానికి అది చాలు. సెల్ మందం మిల్లీమీటరులో ఐదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది, అప్పడంలా విరుగుతుంది. నేను తెప్పించిన 45 సెల్స్‌లో ఏడు నా చేతిలోనే పగిలాయి. అయినా రెండు ఆదివారాల్లో పని ముగిసింది, మల్టీమీటరు పెడితే 20 వోల్టులు దాటి చూపించింది.

చిక్కంతా గాజుకూ సెల్‌కూ మధ్య వచ్చింది. కర్మాగారంలో ఈవీఏ అనే పారదర్శకమైన పొరల మధ్య సెల్స్‌ను పరచి, గాలి లాగేసి, సుమారు 150 డిగ్రీల వేడిలో నొక్కుతారు. ఆ పొర కరిగి గట్టిపడి గాజునూ సెల్స్‌నూ వెనుక పొరనూ ఒకే పలకగా చేస్తుంది. నేను వాడినవి కిటికీ గాజు, అంచులకు సిలికాన్ పేస్టు. మొదటి వానాకాలం బాగానే గడిచింది. రెండోది ముగిసేసరికి ఉదయం పూట గాజు లోపలివైపు సన్నని నీటిబొట్లు కనిపించి, ఎండెక్కాక మాయమయ్యేవి. కొద్ది నెలల్లో రాగి తీగలు సెల్‌ను తాకే చోటల్లా పచ్చని చిలుము పట్టింది. పగటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి మళ్లీ లోపలికి వస్తుంది, అంటే ఆ పెట్టె రోజూ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, ప్రతి ఊపిరితోనూ కాస్త తేమ చేరుతుంది.

ఇంకొకటి ప్రమాదానికి సంబంధించినది. ఒక్క సెల్ మీద ఆకు పడినా పావురం రెట్ట వేసినా, మిగతా 35 సెల్స్ తమ కరెంటును దాని గుండానే నెట్టాలని చూస్తాయి, అప్పుడా సెల్ విద్యుత్తు ఇవ్వడం మాని వేడెక్కుతుంది. కొన్న ప్యానెల్‌లో బైపాస్ డయోడ్లు ఆ కరెంటును పక్కదారి పట్టిస్తాయి. నేను చూసిన వీడియోల్లో ఎవరూ వాటి ఊసే ఎత్తలేదు, పైగా వెనుక ప్లైవుడ్ బిగించారు. ఇలాంటివి నాలుగైదు కలిపి వోల్టేజి పెంచితే, వదులైన టంకం దగ్గర డీసీ కరెంటుతో, అంటే ఒకే దిశలో పారే కరెంటుతో, పుట్టే నిప్పు సులభంగా ఆరదు. ఇంటికి వచ్చే, దిశ మారుతూ ఉండే ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు దిగుతుంది, అప్పుడు నిప్పు ఆరే వీలుంటుంది, డీసీ అలా దిగదు.

ఇంటి డాబా కోసం ఇదే ఆలోచనలో ఉన్నవారికి ఒక మాట: 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు ఇచ్చే 78,000 రూపాయల రాయితీ సొంతంగా చేసుకున్న ప్యానెళ్లకు రాదు.

బడి టీచరు:
మీ అనుభవాన్ని కాదనను, కానీ మీ ముగింపుతో ఏకీభవించలేను. రాజస్థాన్‌లోని తిలోనియాలో, బేర్‌ఫుట్ కాలేజీలో, చదువురాని స్త్రీలు ఆరు నెలల్లో సోలార్ పని నేర్చుకుని తమ ఊళ్లకు వెలుగు తెస్తున్నారు. చేతిపని ప్రతిదీ కర్మాగారానికే వదిలేయమంటే మన పిల్లలు కొనేవాళ్లుగానే మిగిలిపోతారు. ఆ అబ్బాయి ఉత్సాహాన్ని ఆపకండి.

వైరింగ్ పనివాడు:
టీచరుగారూ, తిలోనియా పేరు ఎత్తినందుకు సంతోషం, ఎందుకంటే నేను చెప్పేదీ ఆ దారే. అక్కడి స్త్రీలు ప్రధానంగా నేర్చుకునేది లాంతర్ల, ఛార్జ్ కంట్రోలర్ల (బ్యాటరీలోకి వెళ్లే కరెంటును అదుపు చేసే పరికరాల) సర్క్యూట్లు కూర్చడం, ఇంటికి వ్యవస్థను బిగించడం, చెడితే బాగు చేయడం. ఊరివాళ్లు తమ చేతిలో ఉంచుకోవలసిన విద్య అదేనని నేను గట్టిగా నమ్ముతాను. పిల్లల కోసమైతే నా దగ్గర పగిలిన సెల్స్ ముక్కలున్నాయి, కావాలంటే పంపుతాను. గోరంత ముక్క కూడా అర వోల్టే ఇస్తుంది, తగ్గేది కరెంటు మాత్రమే. నాలుగైదు ముక్కలు శ్రేణిలో కలిపి ఎండలో పెడితే ఎర్రని ఎల్ఈడీ వెలుగుతుంది. శ్రేణి అంటే ఏమిటో బోర్డు మీద గీసి చెప్పినదానికంటే అది పిల్లలకు బాగా అర్థమవుతుంది.

రైతుగారూ, ప్యానెల్ ఒక్కటే కొనండి, మిగతాదంతా అబ్బాయి చేత చేయించండి. దక్షిణం వైపు 15 డిగ్రీల వాలుతో ఇనుప స్టాండు కొట్టించమనండి. కంట్రోలర్ కూర్చి చూడాలని ఉంటే చూడనివ్వండి. తీగ మందం మాత్రం లెక్క వేసే కొనమనండి, 12 వోల్టుల దగ్గర దారిలో ఒక్క వోల్టు పోయినా నూటికి ఎనిమిది వంతులు పోయినట్టే. ఫ్యూజును బ్యాటరీ ప్లస్ కొసకు జానెడు దూరంలోపే పెట్టించండి, చాలామంది దాన్ని దీపాల దగ్గర పెట్టి, మధ్యలోని తీగను ఏ రక్షణా లేకుండా వదిలేస్తున్నారు.