ఎయిర్ రైఫిల్: కొత్త పెల్లెట్లతో గ్రూప్ ఎందుకు చెదురుతోంది?

తిరుపతిలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రాక్టీస్ చేస్తున్నాను. పీసీపీ (సిలిండర్‌లో ముందే నింపిన గాలితో కాల్చే రకం), 0.177 అంగుళాల క్యాలిబర్, సిలిండర్‌లో గాలి ఒత్తిడి 200 బార్. పాత డబ్బాలోని 4.49 మిల్లీమీటర్ల తల ఉన్న పెల్లెట్లతో (చిన్న గుళ్లతో) ఐదు షాట్లు 5 మిల్లీమీటర్లలోపే పడేవి. అవి అయిపోయాయి. అదే కంపెనీ, అదే 0.53 గ్రాముల బరువు, తల మాత్రం 4.50 ఉన్నవి తెచ్చాను. రెండు వారాలుగా గ్రూప్, అంటే షాట్లు చెదిరే వెడల్పు, 12 మిల్లీమీటర్లకు పెరిగింది. టార్గెట్‌లో పది పాయింట్ల మధ్య చుక్క అర మిల్లీమీటరే కదా, చాలా టెన్షన్‌గా ఉంది.

ఫెల్ట్‌తో బ్యారెల్ తుడిచాను, స్క్రూలు బిగించాను, సైట్ సరిచూశాను. తప్పు నా చేతిదేమోనని రైఫిల్‌ను బెంచ్‌కి బిగించి కాల్చినా అంతే. సిలిండర్ నిండుగా ఉన్నా, 120 బార్‌కి దిగినా తేడా లేదు, అందుకే రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ ఒత్తిడిని ఒకేలా ఉంచే భాగం) మీద నాకు అనుమానం తక్కువ.

తల సైజులో 0.01 మిల్లీమీటర్ తేడాకే గ్రూప్ ఇంతగా చెదురుతుందా, లేక ముందు బ్యారెల్ చివరను ఎవరికైనా చూపించుకోవాలా?