హరితగృహ వాయువు: ఈ మాట వినగానే మీకు ఏమనిపిస్తుంది?

మిత్రులారా, గత నెల విశాఖలో మా నాన్నగారికి రెటీనా (కంటి వెనక ఉండే పొర) ఊడితే ఆపరేషన్ చేశారు. పొర మళ్లీ అతుక్కునేదాకా లోపలి నుంచి నొక్కి పెట్టడానికి కంట్లో గ్యాస్ బుడగ పెట్టారు. రోజూ గంటల తరబడి బోర్లా పడుకోమన్నారు. విమానం ఎక్కొద్దు, అరకు ఘాట్ వైపు అసలే వెళ్లొద్దు అన్నారు. పైకి వెళ్లేకొద్దీ బుడగ ఉబ్బుతుంది, కంట్లో ప్రెషర్ పెరిగి ఉన్న చూపూ పోవచ్చు. అందుకే చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టి పంపారు.

గ్యాస్ అనగానే అమ్మ ముఖం మారిపోయింది. మా పిన్ని వాళ్లది గోపాలపట్నం. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు వాళ్లు ఎలా పరిగెత్తారో అమ్మకి ఇంకా గుర్తే. పోనీ ‘వాయువు’ అందామంటే, వాయువు చేసిందంటే ఒంట్లో నొప్పి అనే కదా అర్థం! ‘గాలి’ అంటే మా నాన్నమ్మ గాలి సోకిందనుకుంటుంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. నాన్న కంట్లో పెట్టింది సీ3ఎఫ్8 అనే వాయువనీ, అది భూమిని వేడెక్కించే గ్రీన్‌హౌస్ గ్యాస్ అనీ, వృథా కాకుండా చూస్తామనీ డాక్టర్‌గారు చెప్పారు. నేను ‘హరితగృహ వాయువు’ అని నాన్నకి తెలుగు చేశాను. ఆయన పట్టీ చూసుకుని, “హరితం అంటున్నావు, పట్టీ కూడా పచ్చదే. అయితే మంచి గ్యాసే” అన్నారు.

తప్పు ఆయనది కాదు. రుషికొండలో ఒకప్పుడు ఉన్నది హరిత రిసార్ట్, మొక్కలు నాటితే హరిత కార్యక్రమం. మన చెవికి హరితం అంటే మేలే. ఈ వాయువేమో వందేళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కంటే దాదాపు 9 వేల రెట్లు వేడి పెంచుతుంది. ఇలాంటి ఆపరేషన్లలోనే వాడే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అయితే 23 వేల రెట్లకు పైనే. నాన్న కంట్లో బుడగ కరిగి, రక్తంలో కలిసి, ఆయన ఊపిరితోనే బయటికి వస్తుంది. ఆ తర్వాత 2,600 ఏళ్ల దాకా ఆకాశంలో ఉండిపోతుందని అంచనా. ఇంత సంగతి దాచేసే మాట మనకి ఎందుకు? ఇలా అడిగితే మిత్రులు ఒక్కొక్కరూ అన్న మాటలివి:

— బడిలో పిల్లలు చదువుతున్న మాట. ఇప్పుడు మారిస్తే గందరగోళమే. వివరణ ఇస్తే చాలదా?

— మాస్టారూ, వివరణ పుస్తకంలో ఉంటుంది, పేషెంట్ చేతిలో ఉండదు. పైగా గ్రీన్‌హౌస్ అంటే మొక్కలు పెంచే గాజు ఇల్లు, మనలో అది చూసినవాళ్లు ఎందరు? గాజు ఇంట్లో వేడెక్కిన గాలి బయటికి పోలేక వేడి నిలుస్తుంది. ఈ వాయువులు చేసేది వేరు, నేల నుంచి లేచే సెగను పీల్చుకుంటాయి. అంటే పేరులో ‘గృహం’ కూడా సరిగ్గా నప్పదు.

— నేను ఆపరేషన్ థియేటర్‌లో పనిచేస్తాను. కంట్లో నిలిచేది సుమారు 4 మిల్లీలీటర్లు. లోపలి గాలిని తోసేయడానికి సిరంజిలో గ్యాస్, గాలి కలిపి 50 మిల్లీలీటర్ల దాకా తయారు చేస్తాం, మిగతాదంతా బయటికే పోతుంది. కొన్ని కేసులకి మామూలు గాలి బుడగే సరిపోతుంది, అది వారంలో కరిగిపోతుంది. ఏ కంటికి ఏది అన్నది సర్జన్ చూసుకోవాలి. దయచేసి ఇది చదివి ఎవరూ ఆపరేషన్ మానుకోవద్దు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ఎక్కువగా వాడేది కరెంటు స్విచ్‌గేర్లలో, కళ్లకి కాదు.

— ‘ఉక్క వాయువు’ అంటే? వైజాగ్‌లో ఉక్క తెలియనివాళ్లు ఉండరు!

— బాగుంది గానీ, ఇక్కడ ఉక్కు వాయువు అని చదివేస్తారండీ. స్టీల్ ప్లాంట్ గొట్టం నుంచి వచ్చేది అనుకుంటారు. పైగా ఉక్క గాలిలో తేమ వల్ల వచ్చేది. నాకు ‘సెగ’ నచ్చుతోంది. ఎండాకాలం రాత్రి డాబా ఎక్కితే కాళ్లకి తగిలేది అదే. ఆ సెగ పైకి పోకుండా పట్టి ఉంచేది కాబట్టి ‘సెగపట్టు వాయువు’. ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు అని పెట్టుకున్న భాష మనది, ఇది పెట్టుకోలేమా?

నిన్న నాన్నకి ఈ మాట చెప్పి చూశాను. బోర్లా పడుకునే, “మరి నేను వదిలే ఊపిరి కూడా సెగ పట్టేదేనా?” అని అడిగారు.