నల్లగొండ బడిపిల్లలకు ముందుగా చూపవలసింది విశాఖ మ్యూజియమా, పానగల్లు మ్యూజియమా?

దేవరకొండ టీచర్:
మా తొమ్మిదవ తరగతి పిల్లలను మొన్న విశాఖపట్నం తీసుకువెళ్లాము. బీచ్ రోడ్డులో పాత డచ్చి బంగళాలో 1991లో వెలసిన విశాఖ మ్యూజియంలో, 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు ఆ ఊరిపై వేసిన బాంబు ఉంది. ఒక అమ్మాయి దాని ముందు నుంచి కదలలేదు, "ఇది మన నేల మీదే పడిందా సార్?" అని రెండుసార్లు అడిగింది. ఏడాదంతా పాఠం చెప్పినా రాని ప్రశ్న అది.

పానగల్లు వాసి:
సార్, నల్లగొండ పక్కనే మా పానగల్లులో, పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలోనే మనకు మ్యూజియం ఉంది. పక్కనే ఛాయా సోమేశ్వరాలయంలో స్తంభం నీడ పగలంతా కదలకుండా గర్భగుడిలో పడుతుంది. పానగల్లును ఏలిన కందూరు చోడులు ఎవరో తెలియని పిల్లలకు జపాన్ బాంబు ఎందుకు?

మూసీ ఒడ్డు:
రెండూ చూపిస్తే సరిపోతుంది కదా.

దేవరకొండ టీచర్:
సముద్రం మనకు పరాయిది కాదు. మన జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ నాణేలు ఓడలెక్కి వచ్చిన వ్యాపారం వల్ల చేరినవే. తుఫానుకు ఒడ్డున పడిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను సుంకం మాత్రమే తీసుకుంటాననీ 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనంలో అభయమిచ్చిన గణపతిదేవుడు మన ఓరుగల్లు రాజే.

పానగల్లు వాసి:
మోటుపల్లి బాపట్ల జిల్లాలో ఉంది, విశాఖలో కాదు. పైగా 1942లో నల్లగొండ నిజాం రాజ్యం, విశాఖ మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ బాంబు పడినది "మన నేల" ఎలా అవుతుంది?

దేవరకొండ టీచర్:
పిల్ల అడిగిన మాటకు కూడా సరిహద్దు గీస్తారా? మీతో వాదించడం నాకు చాలా బాధగా ఉంది.

పానగల్లు వాసి:
బాధ సంగతి నేనూ చెబుతాను. మా అమ్మాయి చదివే బడి విశాఖ యాత్రకు అడిగిన డబ్బు ఆ నెల నేను కట్టలేకపోయాను. వెళ్లి వచ్చినవాళ్లు వారం రోజులు అక్కడి బీచ్‌లో మ్యూజియంగా ఉంచిన జలాంతర్గామి లోపల ఎలా వంగి నడిచారో చెప్పుకుంటుంటే, తను ఇంటికి వచ్చి పుస్తకాల సంచి కూడా తీయకుండా గోడకు తిరిగి పడుకునేది. పానగల్లుకు అయితే బస్సు చార్జీతో అందరూ వెళ్లేవారు.

మూసీ ఒడ్డు:
ఈ మాట మొదటే చెప్పి ఉండవలసింది అన్నా.

దేవరకొండ టీచర్:
మా తరగతిలోనూ పదకొండుమంది ఆగిపోయారు. వాళ్ల పేర్లు హాజరు పట్టీలో చూశానే గాని, ఎందుకు రాలేదని అడగలేదు. అది నా తప్పు. వచ్చే ఆదివారం ఆ పదకొండుమందిని పానగల్లుకు నేనే తీసుకువస్తాను. అయినా సముద్రం చూపడం మానుకోవాలంటే మాత్రం ఒప్పుకోలేను.

పానగల్లు వాసి:
నన్ను బాధపెట్టేది అదే సార్. డబ్బు కట్టినవాళ్లకు సముద్రం, కట్టలేనివాళ్లకు పానగల్లు అయితే, మా ఊరు తక్కువదని ఆ పదకొండుమందే ముందుగా అనుకుంటారు. తీసుకువస్తే తరగతి మొత్తాన్ని తీసుకురండి. ఆలయం దగ్గర నేను ఎదురుచూస్తుంటాను.