ఇంటర్‌లో హెచ్‌ఈసీ: చదివినవాళ్లు మీ అనుభవం చెప్పండి

కావలి నాన్న:
మా అమ్మాయి పదో తరగతి పాసైంది. మార్కులు బాగానే వచ్చాయి. హెచ్‌ఈసీలో (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) చేరతానంటోంది. విన్నవాళ్లందరిదీ ఒకటే మాట: "అదేంది, పిల్లకు లెక్కలు రావా?" మా బావమరిదైతే రెండ్రోజులు మాట్లాడలేదు. ఉద్యోగం సంగతి తర్వాత. హిస్టరీ, సివిక్స్ లాంటివి చదివితే మనిషికి ఏమొస్తుందో చదివినవాళ్లు చెప్తే వినాలని ఉంది.

ఉదయగిరి కొండ:
నెల్లూరులో బీఏ హిస్టరీ చదివాను. గ్రూప్స్ కోసమే చేరాను, దాచడమెందుకు. పొట్టి శ్రీరాములు గారంటే 1952లో 58 రోజుల దీక్ష, ఆంధ్ర రాష్ట్రం, అంతవరకే తెలుసు. మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని ఆయన 1946లో నిరాహారదీక్ష చేశారని సెకండియర్‌లో లెక్చరర్ చెప్తే తెలిసింది. ఆ గుడి దగ్గర బండి ఆపి ఎన్నిసార్లు టీ తాగానో.

ఆ వారమే రాజ్యాంగం 17వ అధికరణం పాఠం, అంటరానితనం నిషేధం. నోట్స్ రాసుకుంటుంటే మా గొడ్ల కొట్టం గుర్తొచ్చింది. దాని చూరులో ఒక సత్తు గ్లాసు బోర్లించి ఉండేది. పాలేరు మామ దాన్ని ఆయనే తీసి, కడుక్కుని పట్టుకుంటే నేను పైనుంచి మజ్జిగ పోసేవాణ్ణి. తగలకుండా పోయడం మా నాయనమ్మ నేర్పింది. ఏడేళ్ల వయసులో నాకదొక ఆట, చుక్క కింద పడకుండా పోస్తే మెచ్చుకునేది. ఎవరో ఎప్పుడో చేసిన తప్పు అనుకుంటూ చదువుతున్న పాఠంలో నా చెయ్యి కనబడింది.

కోడింగ్ కూలి:
అన్నా, బాగా చెప్పావు. కానీ ఇలాంటి కథల తర్వాత 'ప్రివిలేజ్' అంటారు, అంటే పుట్టుకతోనే దొరికిన అనుకూలత, ఆ మాట వింటే నాకు మండుతుంది. మాది కందుకూరు దగ్గర పల్లె. నాన్నకు రెండెకరాల పొగాకు, దాని మీద అప్పు. కష్టపడి చదివి బెంగళూరులో ఉద్యోగం తెచ్చుకున్నా. ఇందులో ప్రివిలేజ్ ఎక్కడుందో చూపించండి.

బకింగ్‌హాం కాలువ:
తమ్ముడూ, నీ కష్టాన్ని ఎవరూ కాదనరు. నేను ముత్తుకూరు వైపు పన్నెండేళ్లు టీచరుగా చేశాను. నీ పుట్టినరోజు నీకు తెలుసు కదా? మా బడికొచ్చే యానాది గిరిజన పిల్లల్లో చాలామందికి తెలియదు. చేర్చుకునేటప్పుడు మేమే ఏదో ఒక తేదీ వేసేవాళ్లం. రిజిస్టర్ చూస్తే సగంమంది జూన్‌లోనే పుట్టినట్టుంటుంది! జనన ధ్రువపత్రం లేక ఆధార్ ఆగేది, అది ఆగితే కుల ధ్రువపత్రం, అదీ లేకపోతే స్కాలర్‌షిప్. రొయ్యల గుంటల కాపలాకు కుదిరితే ఇంటిల్లిపాదీ గట్టు మీదే కాపురం. గుంట మారితే పిల్ల బడి మానేసినట్టే. మీ నాన్నకు రెండెకరాలు చూసి అప్పు ఇచ్చారు. వీళ్లకు అప్పు పుడితే మనిషే తాకట్టు.

నేను చదివింది బీఎస్సీ. ఇదంతా ఒకదానికొకటి ముడిపడి ఉందని తెలియడానికి ఆరేళ్లు పట్టింది. అప్పటిదాకా "వీళ్లకు చదువు మీద శ్రద్ధ లేదు" అని స్టాఫ్ రూంలో అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

కలిగిరి ఆడబిడ్డ:
సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన దూబగుంట మా మండలమే. అక్షరాస్యత ఉద్యమంలో మా అమ్మ రాత్రి బడికి వెళ్లింది. వాచకంలో సీతమ్మ కథ, సారా తాగే మొగుడు. "ఇది మన ఇంటి కథే కదా" అనుకున్నారంట అందరూ. 1992లో సారా వేలంపాటలకు అడ్డంపడ్డారు, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. అమ్మ ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతుంది. మీ బావమరిదికి ఇది చెప్పండి.

చీరాల పేట:
గ్లాసు కథ చదివాను. ఆ గ్లాసు పట్టుకున్న వైపువాణ్ణి నేను. మా ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లా, అప్పట్లో ప్రకాశమే. 1985 జులైలో కారంచేడులో తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవలో ఆరుగురు దళితులను చంపారు. బతికినవాళ్లు చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు. ఆ మాటలు వింటూ పెరిగాం. ఎవరికి ఏ హక్కు లేదో తెలియడానికి మాకు బీఏ అక్కర్లేదు. పొలిటికల్ సైన్స్ నాకిచ్చింది వేరే: ఆఫీసర్ ముందు నిలబడి "ఇది ఏ రూల్ ప్రకారం సార్?" అని అడిగే ధైర్యం. తెలియనిది మీ ఇళ్లకే, అందుకే మీ పిల్లలే ముందు చదవాలి. కొండ గారూ, ఒకటడుగుతా. ఆ గ్లాసు ఏమైంది?

ఉదయగిరి కొండ:
అడుగుతారని అనుకున్నా. సెలవులకు వెళ్లినప్పుడు నాన్నను అడిగా. "ఇప్పుడెవరు వాడుతున్నార్రా" అన్నారు. నిజమే, కూలోళ్లకు పేపర్ గ్లాసులు తెస్తున్నారు. మాకు మాత్రం స్టీలువే. అమ్మతో గొడవపడ్డా, ఆమె వారం రోజులు ఏడ్చింది. నాయనమ్మ పోయేదాకా అంతకుమించి ఏమీ చేయలేకపోయా.

కోడింగ్ కూలి:
నిన్న నాన్నకు ఫోన్ చేశా. నా ఇంజనీరింగ్ ఫీజుకు అప్పిచ్చింది మా కులం ఆయనేనట. ప్రామిసరీ నోటు కూడా రాయించుకోలేదు. "మన పిల్లోడు" అన్నాడంట. పొలం కూడా తాకట్టు పెట్టలేదు. సరే, ఆలోచిస్తున్నా.

కావలి నాన్న:
అందరికీ థ్యాంక్స్. అమ్మాయికి ఇదంతా చూపించా. చదివి లేచి, పనమ్మాయి టీ కప్పు కిటికీలోంచి తీసి మా కప్పుల పక్కన పెట్టింది. వాళ్లమ్మ ఇంకా ఏమీ అనలేదు. ఇక్కడ రెండు ప్రైవేటు కాలేజీల్లో అడిగితే ఆ గ్రూపే లేదన్నారు, సోమవారం ప్రభుత్వ జూనియర్ కాలేజీకి వెళ్తున్నాం. టీసీ కాకుండా ఇంకేం కాగితాలు తీసుకెళ్లాలి?